సంఘం పెట్టుకోవడానికి యాజమాన్యం అనుమతి కావాలా?

ప్రశ్న: మాది సంగారెడ్డి జిల్లాలోని ఒక మందుల తయారీ కర్మాగారం. పర్మినెంటు కార్మికులం 160 మంది, కాంట్రాక్టు వాళ్లు 240 మంది ఉన్నాం. యూనియన్ పెట్టుకుందామని 45 మందిమి సంతకాలు చేశాం. ఆ సంగతి యాజమాన్యానికి తెలిసిపోయింది. ముందు నిలబడిన ఇద్దరిని వేరే రాష్ట్రంలోని యూనిట్‌కు బదిలీ చేశారు. కొందరితో తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. ‘వర్క్స్ కమిటీ ఉంది కదా, యూనియన్ ఎందుకు, మా అనుమతి లేకుండా ఎలా పెడతారు’ అంటున్నారు. మేం ఏం చేయాలి? బదిలీ అయినవాళ్లు వెళ్లాలా, వద్దా?
– ఒక కార్మికుడు

జవాబు: యాజమాన్యం అనుమతి అక్కర్లేదు. సంఘంగా ఏర్పడే హక్కును రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణ మీకు ఇచ్చింది. సంఘాన్ని నమోదు చేసేది కార్మిక శాఖలోని ట్రేడ్ యూనియన్ల రిజిస్ట్రార్. చట్టం అడిగిన వివరాలన్నీ ఉన్నాయా లేదా అన్నదే ఆయన చూడాలి. 2025 నవంబరు 21 నుంచి 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. సంఖ్య విషయంలో మాత్రం పాత నియమమే కొనసాగుతోంది. కనీసం ఏడుగురు దరఖాస్తు చేయాలి. సంస్థలో పనిచేసేవారిలో పది శాతం మంది లేదా వంద మంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులై ఉండాలి.

మీ సంఖ్య ఆ గీతను దాటింది కానీ అంచునే ఉంది. కాంట్రాక్టు వాళ్లను కలుపుకుని లెక్కవేస్తే 400లో పది శాతం 40. భయపడి ఆరుగురు తప్పుకుంటే యాజమాన్యం ఆ లెక్కనే రిజిస్ట్రార్ ముందు పెడుతుంది. అందుకే 80 మందికి తక్కువ కాకుండా సభ్యత్వం చేర్చి, రశీదులు రాసి, ఆ తర్వాతే దరఖాస్తు ఇవ్వండి. కాంట్రాక్టు కార్మికులనూ చేర్చుకోండి. సంఘాల విషయంలో కార్మికుడు అనే మాటకు కోడ్ విశాలమైన అర్థమే ఇచ్చింది.

నేను చూసిన కేసుల్లో సంఘాలు ఎక్కువగా దెబ్బతిన్నది మొదటి సమావేశానికీ నమోదు పత్రానికీ మధ్య రోజుల్లోనే. మీరిప్పుడు సరిగ్గా అక్కడే ఉన్నారు. ఆ రోజుల్లో ఒత్తిడి వస్తుందని చట్టానికీ తెలుసు. దరఖాస్తు ఇచ్చాక, నమోదు అయ్యేలోపు దరఖాస్తుదారుల్లో కొందరు తప్పుకున్నా, వారు సగానికి మించనంతవరకు దరఖాస్తు చెల్లకుండా పోదు. అలాంటప్పుడు ఏడుగురితో సరిపెట్టడం ఎందుకు? ఇరవై మందిని దరఖాస్తుదారులుగా పెట్టండి. నియమావళి, సభ్యుల జాబితా, కార్యవర్గం వివరాలు పక్కాగా ఉండాలి. ఇచ్చిన ప్రతి కాగితానికీ కార్యాలయం ముద్రతో రశీదు తీసుకోండి. నమోదుకు నిరాకరిస్తే పారిశ్రామిక ట్రిబ్యునల్‌లో అప్పీలు చేసుకోవచ్చు.

సంఘం పేరు విషయంలోనూ జాగ్రత్తగా ఉండండి. తమిళనాడులోని శ్రీపెరుంబుదూరు దగ్గర సామ్‌సంగ్ కార్మికులు 2024లో దరఖాస్తు చేస్తే, సంఘం పేరులో కంపెనీ పేరు ఉండకూడదని యాజమాన్యం అడ్డుపడింది. ఆ ఏడాది సెప్టెంబరు 9న మొదలైన సమ్మె 37 రోజులు సాగింది. వ్యవహారం మద్రాసు హైకోర్టుకు వెళ్లాక, 2025 జనవరిలో గానీ నమోదు జరగలేదు. మీరు ఊరి పేరో, పారిశ్రామికవాడ పేరో పెట్టుకుంటే కనీసం ఆ పేచీ తప్పుతుంది.

నమోదు పత్రానికి ఇంత విలువ ఎందుకో చెప్పాలి. 1918లో మద్రాసులో బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లుల కార్మికులు మద్రాస్ లేబర్ యూనియన్ పెట్టుకున్నారు. 1920లో మిల్లు యాజమాన్యం ఆ సంఘం నాయకుడు బి.పి. వాడియాపై హైకోర్టుకు వెళ్లి నిషేధపు ఉత్తర్వు తెచ్చుకుంది. ఆనాడు సంఘానికి చట్టం అండ లేదు. ఆ దెబ్బ తర్వాతే చట్టం కావాలన్న ఒత్తిడి పెరిగి, 1926 చట్టం వచ్చింది. కార్మిక వివాదంలో సంఘం చేసే న్యాయమైన పనులకు సివిల్ దావాల నుంచి ఇప్పుడు దొరుకుతున్న రక్షణ, నమోదైన సంఘాలకే వర్తిస్తుంది.

యాజమాన్య, కార్మిక ప్రతినిధులు కలిసి కూర్చునే వర్క్స్ కమిటీ సంఘానికి ప్రత్యామ్నాయం కాదు. నార్త్ బ్రూక్ జూట్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు 1960లోనే ఆ మాట చెప్పింది.

ఇక బదిలీలు. యాజమాన్య విధానం ముసుగులో దురుద్దేశంతో బదిలీ చేయడం, సంఘంలో చేరితే తీసేస్తామని బెదిరించడం, సంఘం కూడగట్టినందుకు శిక్షించడం, యాజమాన్యమే ఒక సంఘాన్ని పెట్టించడం, ఇవన్నీ కోడ్ రెండో షెడ్యూలు ప్రకారం అనుచిత కార్మిక పద్ధతులు. వీటికి 10 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. పెద్ద కంపెనీకి అది పెద్ద మొత్తమేమీ కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కార్మికుడికి కావలసింది తన ఉద్యోగం. కాబట్టి ఆ ఇద్దరూ కోపంతో కొత్త చోటికి వెళ్లకుండా ఉండిపోవద్దు. గైర్హాజరును దుష్ప్రవర్తన కింద చూపి, విచారణ పెట్టి తీసేయడం యాజమాన్యానికి తేలిక. ఆ తర్వాత వాదన బదిలీ గురించి కాకుండా గైర్హాజరు గురించి నడుస్తుంది. ‘ఈ బదిలీ సంఘం పెట్టినందుకు జరిగింది, అభ్యంతరంతోనే చేరుతున్నాను’ అని రాసిచ్చి చేరాలి. ఇక్కడి రాజీ అధికారి (వివాదాల్లో రాజీ కుదిర్చే కార్మిక శాఖ అధికారి) ముందు వివాదం లేవనెత్తాలి. సంతకాల సేకరణ జరిగిన తేదీ, బదిలీ ఉత్తర్వు తేదీ పక్కపక్కన పెట్టి చూపండి.

తెల్లకాగితంపై సంతకం చేసినవాళ్లు ఎవరికివారు, ఏ రోజు, ఏ గదిలో, ఎవరి ముందు పెట్టించారో రాసి యాజమాన్యానికి స్పీడ్ పోస్టులో పంపాలి. ఒక ప్రతి కార్మిక శాఖకు ఇవ్వాలి. రేపు ఆ కాగితం రాజీనామాగానో, సంఘం నుంచి తప్పుకున్నట్లుగానో బయటికి వస్తే ఈ ఉత్తరమే మీకు సాక్ష్యం.

ఈ ఆవేశంలో అందరూ ఒకే రోజు సెలవు పెట్టాలని మాత్రం అనుకోవద్దు. సగం మంది లేదా అంతకు మించి కలిసికట్టుగా సాధారణ సెలవు పెడితే కొత్త కోడ్ దాన్ని సమ్మెగానే లెక్కిస్తుంది, నోటీసు ఇవ్వని సమ్మె చట్టవిరుద్ధం. బదిలీ వివాదాన్ని రాజీ అధికారి ముందుకు తీసుకెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంది. అయినా ఈ వారంలోనే వెళ్లండి.