స్వతంత్ర అభ్యర్థికి చందాలు ఎవరిస్తారు? ఎలా అడగాలి?

మీ అక్క కార్పొరేటర్‌గా స్వతంత్రంగా నిలబడుతోంది, డబ్బు అడగాలంటే మొహమాటంగా ఉంది అన్నారు కదా. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో హైదరాబాద్‌లోని హబ్సిగూడ వైపు ఒక స్వతంత్ర అభ్యర్థికి చందాల లెక్క నేనే చూశాను. (డిపాజిట్ కూడా దక్కలేదు, అది వేరే కథ.)

మొదటి రోజు తలుపు తడితే ఒక పెద్దావిడ నవ్వేసింది. "ఎలక్షన్లంటే మీరే మాకియ్యాలె గానీ, మమ్మల్ని అడుగుతరేంది బిడ్డా?" వినాయకుడి చందా ఇచ్చి రెండు నెలలు కూడా కాలేదు మరి. చివరికి వంద రూపాయలిచ్చి, రసీదు అడిగి మరీ తీసుకుంది.

ఆ రసీదు పుస్తకమే మమ్మల్ని నడిపించింది. రోజూ రాత్రి వచ్చినదెంత, ఆటోకెంత, కరపత్రాలకెంత అని చందాదారుల వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్ళం. రెండో వారంలో కొత్తవాళ్ళకంటే ముందు ఇచ్చినవాళ్ళే మళ్ళీ ఇచ్చారు, తోడల్లుళ్ళనీ స్నేహితులనీ గ్రూపులోకి లాక్కొచ్చారు.

ముందు మీ అక్క ఫోన్‌లో ఉన్న పేర్లన్నీ రాయించండి. మాకు సగానికి పైగా వచ్చింది మా అభ్యర్థి పదో తరగతి బ్యాచ్, పాత ఆఫీసువాళ్ళ నుంచే. కాల్ ఆమే చేయాలి. నేను చేస్తే "చూద్దాంలే" అన్నవాళ్ళే ఆయన చేస్తే అప్పటికప్పుడు యూపీఐలో వేశారు.

ఒక బిల్డర్ రెండు లక్షలు క్యాష్ ఇస్తా, పేరు రాయొద్దన్నాడు. ఒకరి దగ్గర 10,000 రూపాయలకు మించి నగదు తీసుకోకూడదని ఎన్నికల సంఘం చెప్పింది, చెక్ ఇవ్వండి అన్నాం. మళ్ళీ ఫోన్ ఎత్తలేదు. అప్పటికి ఫ్లెక్సీల షాపుకి బాకీ ఉన్నాం, నిజంగానే బాధేసింది.

సాఫ్ట్‌వేర్‌వాళ్ళు తప్పకుండా అడిగేది ట్యాక్స్ సంగతి. చందాలకు ఆదాయపన్ను మినహాయింపు పార్టీలకు, ఎలక్టోరల్ ట్రస్టులకు ఇస్తేనే, స్వతంత్రులకిస్తే రాదు. ముందే చెప్పేయండి, తర్వాత మాట పడొద్దు. అమెరికా పౌరసత్వం తీసుకున్న బంధువుల డబ్బు అసలు ముట్టుకోవద్దు.

మేము నామినేషన్‌కు ముందే ప్రత్యేక బ్యాంకు ఖాతా తెరిచాం. మా ఖర్చు పరిమితి 40 లక్షలు, దాని దరిదాపులకు కూడా పోలేదు. కార్పొరేటర్ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో ఉంటాయి. 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో పరిమితి 5 లక్షలు, ఈసారిది నోటిఫికేషన్‌లో చూసుకోండి.

అసెంబ్లీకైతే ఫలితాలొచ్చిన 30 రోజుల్లో లెక్కలు అప్పగించాలి. అదే కాగితం గ్రూపులోనూ పెట్టాం. 1,140 రూపాయలు మిగిలాయి. వాటిని ఏం చేయాలని రెండు రోజులు ఒకటే గొడవ.