బెండింగ్ మిషన్ మీద పనికి నిలబడుతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో నిన్ను కటింగ్ పని నుంచి రేకులు వంచే బెండింగ్ మిషన్ మీదికి మార్చారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఆ మిషన్ మీదే ఇరవై ఆరేళ్లు పనిచేసినవాణ్ణి కనుక, నువ్వు మొదటి రేకు పెట్టేలోపే ఈ నాలుగు మాటలు నీకు చేరాలని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు నీ కాలి సంగతి చెప్పాలి. పాదం పెడల్ మీద ఆనించి ఉంచి, చేతులతో రేకును బ్యాక్ గేజ్‌కు, అంటే రేకు ఎంత లోపలికి వెళ్లాలో ఆపే వెనక అడ్డుకు, సర్దుకోవడం పనిలో వేగం కోసం అందరూ చేసుకునే అలవాటు; వేళ్లు పోయేది అక్కడే. ఒక్కో వంపు పూర్తికాగానే పాదాన్ని తీసి నేల మీద పెట్టు. ఇద్దరు పట్టే రేకైతే పెడల్ ఒక్కరి అధీనంలోనే ఉండాలి. ఒకసారి ఎనిమిది అడుగుల రేకు అవతలి కొసన ఉన్న హెల్పర్ కుర్రవాడు "ఊఁ" అన్నాడని నేను పెడల్ తొక్కాను. అతను అన్నది పక్క మిషన్ వాడితో. రెండు వేళ్ల చివరి కణుపులు పోయాయి. తప్పు పూర్తిగా నాది, ఆ కుర్రవాడి చెయ్యి ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంటుంది. ఆనాటి నుంచి ఎదుటివాడి రెండు చేతులూ కంటికి కనబడితే తప్ప నేను తొక్కలేదు. నువ్వు కూడా మాట విని తొక్కవద్దు, చూసి తొక్కు.

రేకును పైనుంచి నొక్కి వంచే పంచ్ దిగుతున్నప్పుడు రేకు ముందు భాగం పైకి లేస్తుంది. రేకును గుప్పిట పట్టకుండా, అరచెయ్యి చాపి కింది నుంచి ఆసరా ఇవ్వాలి. బొటనవేలు పైకి వచ్చిందంటే లేచే రేకుకూ మిషన్ ముఖానికీ మధ్య నలుగుతుంది. వెడల్పు రేకు గడ్డానికి తగలకుండా అర అడుగు వెనక్కి నిలబడు. చిన్న ముక్కలను పటకారుతోనే పట్టుకో.

పంచ్ కింద రేకు ఆనే గాడి దిమ్మను, అంటే డైని, ఎంచుకోవడం కూడా భద్రతలో భాగమే. పల్చటి ఇనుప రేకుకు డై నోరు, అంటే ఆ గాడి వెడల్పు, రేకు మందానికి సుమారు ఎనిమిది రెట్లు ఉండాలి. 3 మి.మీ. రేకును 24 మి.మీ. నోట్లో వంచితే మీటరుకు దాదాపు 24 టన్నుల బలం పడుతుంది. అదే రేకును 16 మి.మీ. నోట్లో పెడితే 36 టన్నులకు చేరుతుంది. రెండున్నర మీటర్ల రేకుకు మొదటి లెక్కన 60 టన్నులు, రెండో లెక్కన 90 టన్నులు కావాలి కాబట్టి, 80 టన్నుల మిషన్ మీద రెండోది ప్రయత్నిస్తే పంచ్ పగిలి ముక్కలు ఎగిరే ప్రమాదం ఉంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌కైతే ఈ బలాన్ని ఒకటిన్నర రెట్లుగా లెక్కేసుకో.

ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఉన్న పాత మిషన్లలో చాలావాటికి ఒకసారి క్లచ్ పడితే దెబ్బ మధ్యలో ఆగదు, కరెంటు పోయినా చక్రం కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. ఆయిల్ ఒత్తిడితో నడిచే హైడ్రాలిక్ మిషన్‌లోనేమో మోటారు ఆపాక ర్యామ్, అంటే పంచ్‌ను మోసే పై దూలం, నెమ్మదిగా కిందికి జారవచ్చు. అందుకే డై మార్చేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపి, ర్యామ్ కింద గట్టి దిమ్మ పెట్టాకే చెయ్యి పెట్టాలి. ఆయిల్ కారుతున్న గొట్టాన్ని వేలితో తడమవద్దు, సన్నటి ధార చర్మంలోకి దూసుకుపోతుంది. అట్టముక్క అడ్డుపెట్టి చూడు. మే నెల ఎండల్లో మెడలో తువ్వాలు వేసుకోవాలనిపిస్తుంది, కానీ మిషన్ దగ్గరికి దానితో వెళ్లవద్దు. పని ఆలస్యమవుతోందని చెయ్యి లోపలికి పోకుండా అడ్డుగా ఉండే గార్డు విప్పమని ఎవరైనా అంటే, ప్రమాదకరమైన భాగాలకు గార్డు ఉండి తీరాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాసి ఉండేదని మర్యాదగా చెప్పి ఊరుకో, విప్పవద్దు.

రేపు షెడ్డుకు వెళ్లగానే ఎమర్జెన్సీ బటన్ ఎక్కడుందో చూసి, రేకు లేకుండా ఒకసారి నడిపి అది పనిచేస్తోందో లేదో పరీక్షించు. మిషన్ ఎన్ని టన్నులదో, అక్కడున్న డైల నోళ్లు ఎంతెంతో కొలిచి సాయంత్రం నాకు ఫోను చెయ్యి. ఏ రేకుకు ఏ డై వాడాలో లెక్కకట్టి, గోడకు అంటించుకునేలా రాసి పంపిస్తాను.

మీ మామయ్య