తొమ్మిది సెకన్ల కోట తలుపు

చిరంజీవికి,

ఆశీస్సులు. బెంగళూరు నుంచి నువ్వు పంపిన ఉత్తరమూ, వ్యాసమూ, నీ ధారావాహిక కోసం నువ్వే కట్టుకున్న వెబ్‌సైటు చిరునామా అందాయి. "మీరు" అనే రాద్దామనుకున్నాను గాని, నువ్వు నన్ను తాతగారూ అని సంబోధించావు కనుక ఆ చనువు తీసుకుంటున్నాను. వ్యాసంలో నీ తెలుగు శుభ్రంగా ఉంది. ఇక అసలు సంగతికి వస్తాను.

నీ సైటు తెరవగానే నల్లని తెర మీద కోట గుమ్మం కనిపించింది. పొగమంచు కదిలింది, ఎక్కడో గంట మోగింది, గొలుసులు కిర్రుమన్నాయి, ఆ తరువాత తలుపు రెక్కలు మెల్లగా విచ్చుకున్నాయి. రెండోసారి తెరిచి గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాను. 9 సెకన్లు పట్టింది. అంతసేపూ చదవడానికి ఒక్క అక్షరం లేదు, దాటిపోవడానికి ఒక్క బటన్ లేదు. లోపలికి వెళ్ళాక తాళపత్రం రంగు నేల మీద గోధుమరంగు అక్షరాలు కనిపించాయి. డెబ్బై దాటిన నా కళ్ళకు అవి కాఫీ మరకల్లాగా తోచాయి. దీన్నంతటినీ నువ్వు నీ వ్యాసంలో "అద్భుత కథల నుంచి వెబ్ డిజైన్ పొందవలసిన ప్రేరణ" అన్నావు. నాకు ఒళ్ళు మండింది, జవాబు రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను.

ఊరుకోనివ్వనిది నా పొరపాటే. ఏడో అధ్యాయం చిరునామా టైపు చేస్తూ ఒక అక్షరం వదిలేశాను. అందరి సైట్లలోనూ ఇలాంటప్పుడు పేజీ దొరకలేదని ఒక అంకె వేసి మొహాన తలుపు వేస్తారు. నీ సైటులో మాత్రం ఊరి చివర గుడిసె, గుడిసె ముందు దీపం, దాని కింద మూడు పంక్తులు. పేదరాశి పెద్దమ్మ పలకరించి, కాళ్ళు కడుక్కోమని చెంబు ఇచ్చి, ముందు ఇంత అన్నం తినమని, ఆ తరువాత ఏ ఊరికని బయలుదేరావో చెప్పమని అడుగుతుంది. మా అమ్మమ్మ చెప్పిన కథల్లో రాజకుమారుడికి మొదట ఎదురయ్యేది ఈ పెద్దమ్మే. ఊళ్ళో రాక్షసుడి బెడద ఏమిటో, కోటకు ఏ వీధిన వెళ్ళాలో, ఏ వీధిన వెళ్ళకూడదో ఆమే చెబుతుంది. దారి తప్పినవాడికి ఆమెను ఎదురు పంపాలని నీకు తోచింది చూడు, అక్కడ నాకు కళ్ళు చెమర్చాయి. ఆ మూడు పంక్తులు నీ వ్యాసం మొత్తాన్ని ఖండిస్తున్నాయని నువ్వు గమనించావా?

నా మొండిపట్టు ఏమిటో చెబుతాను, నలభై ఏళ్ళుగా అదే. అద్భుత కథ రాసేవాడికి రాక్షసులూ, కోటలూ, రెక్కల గుర్రాలూ చివరి పని. వాడి మొదటి పని, ఎన్నడూ చూడని లోకంలోకి వచ్చిన మనిషికి తాను ఎక్కడ ఉన్నాడో, ఎటు వెళ్ళవచ్చో, వెనక్కి ఎలా రావాలో ప్రతి అడుగునా తెలిసేటట్టు చెయ్యడం. మన వీధి గురించి రాసేటప్పుడు ఈ బాధ లేదు. పాఠకుడికి వీధి తెలుసు. ఏడు సముద్రాల అవతలి దీవి గురించి రాసేటప్పుడు మాత్రం నువ్వు చెప్పిందే వాడికి నేల. వెబ్‌సైటుకు వచ్చేవాడి పరిస్థితి కూడా అచ్చంగా ఇదే కాబట్టి, డిజైన్ చేసేవాళ్ళు మా దగ్గర దొంగిలించవలసింది దారి వేసే పద్ధతిని. నువ్వు కోట గోడల మీది నాచును దొంగిలించావు.

మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు పన్నెండు భాగాలు. కథలో కథ, దానిలో మరో కథ, ఒక్కొక్క కథ ఎన్నో మజిలీల దాకా సాగుతుంది. అంత అడవిలోనూ పాఠకుడు తప్పిపోడు, ఎందుకంటే కట్టడం ఒక్కటే: కాశీకి పోతున్న మణిసిద్ధుడు, తోడు వచ్చిన పశువుల కాపరి కుర్రవాడు, దారిలో చూసిన వింత గురించి కుర్రవాడు అడిగితే మజిలీలో గురువు కథ చెప్పి తీరాలన్న ఒప్పందం. అధ్యాయం తల మీద ఎన్నో మజిలీయో ఉంటుంది. అది శీర్షికా అవుతుంది, మైలురాయీ అవుతుంది. చెన్నైలో నేనుండే ఈ వడపళని నుంచే వెలువడిన చందమామలో బేతాళ కథలకు శంకర్‌గారు వేసిన బొమ్మ గుర్తు తెచ్చుకో. భుజాన శవం, చేతిలో కత్తి, అదే రాజు. నెలనెలా లోపలి కథ మారుతుంది, ఎత్తుగడ మారదు, ముగింపులో శవం చెట్టెక్కడం మారదు. పిల్లవాడు పేజీ తిప్పీ తిప్పగానే ఎక్కడికి వచ్చాడో తెలుసుకుంటాడు. పేజీ తల మీది భాగాన్ని మీ వాళ్ళు హెడర్ అంటారే, ఆ పని ఆ బొమ్మ చేసింది. దీనికి ఇంగ్లీషు డ్రాగన్లు అవసరమా నాయనా?

ఇప్పుడు నీ ఏడో అధ్యాయానికి వద్దాం. ఎవరో వాట్సాప్‌లో లింకు పంపితే నేరుగా అక్కడ దిగిన మనిషిని ఊహించుకో. ఆ పేజీలో కథ పేరు లేదు, రచయిత పేరు లేదు, ఎన్నో అధ్యాయమో లేదు, మొదటి అధ్యాయానికి దారి లేదు. మూలన ఒక పుర్రె ఉంది. పుర్రెను నొక్కితే మెనూ వస్తుందని మా మనవరాలు చెబితే తెలిసింది. మెనూలో రహస్యాగారం, రక్తవనం, ప్రాచీన శాసనం అని మూడు మాటలు. వీటిలో విషయసూచిక ఏది? మూడూ నొక్కి చూశాను. రక్తవనం అట! అద్భుత కథలో వింత పేరు రాక్షసుడికి పెడతారు, అడ్డదారికి పెడతారు; ఊరికి పోయే బాటను ఊరిబాట అనే అంటారు. విషయసూచికను విషయసూచిక అను.

ఇది నాకు సొంత దెబ్బతో తెలిసిన సంగతి. 1979లో నేను ఒక పిల్లల మాసపత్రికలో ధారావాహిక రాస్తూ, ప్రూఫులు కూడా దిద్దేవాణ్ణి. పేరు ఎందుకులే, పత్రికా పోయింది, ఆ సంపాదకుడూ పోయాడు. ప్రతి నెలా మొదట్లో "జరిగిన కథ" అని ఆరు పంక్తులు రాసేవాణ్ణి. నిజం చెబుతున్నాను, కథ రాయడానికి రెండు రోజులు పడితే ఆ ఆరు పంక్తులకు ఒక రోజు పట్టేది. ఒక నెల ఆయన వాటిని కొట్టేసి అక్కడ పళ్ళపొడి ప్రకటన వేశాడు. పాత పాఠకుడికి ఎలాగూ తెలుసు, కొత్తవాడు పాత సంచికలు కొనుక్కుంటాడు అన్నాడు. పదిహేను రోజులకు ఒక పోస్టు కార్డు వచ్చింది. రైల్లో కాలక్షేపానికి ఆ సంచిక కొన్న కుర్రవాడు, బావిలో ఉన్నది ఎవరు, వాడిని పైకి తీస్తే మంచిదా చెడ్డదా అని అడిగాడు. నా కథలో మొత్తం ఉత్కంఠ ఆ బావి మీదే ఉంది. వాడికి బావి ఒక్కటే మిగిలింది. కార్డు తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెడితే, టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు. ధారావాహికలో ప్రతి భాగమూ ఎవరో ఒకరికి మొదటి భాగమే. వెబ్‌లో ప్రతి పేజీ సంగతీ అంతే, పైగా అక్కడ గుమ్మంలోంచి వచ్చేవాళ్ళకంటే కిటికీలోంచి దిగేవాళ్ళే ఎక్కువ.

గుమ్మం అంటే మళ్ళీ నీ తలుపు గుర్తొచ్చింది. 2001లో ఈ చెన్నైలోనే ఒక కంపెనీ పిల్లల కథల సైటుకు మాటలు రాయమని నన్ను పిలిచింది. అప్పుడు వెబ్ పేజీల్లో బొమ్మలు కదిలించే ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ పిచ్చి ముదిరిన రోజులు, ప్రతి సైటుకూ ముందు ఒక చిన్న సినిమా. మా సైటుకు రాజకుమారుడు గుర్రం మీద దుమ్ము రేపుకుంటూ వచ్చి కోట తలుపు తట్టేవాడు. వద్దని చెప్పాను; మాటలు రాసేవాడివి మాటలే రాయి అన్నారు. సైటు మొదలైన వారానికి కోడంబాకంలో ఒక నెట్ సెంటరుకు వెళ్ళి, గంటకు ఇంత అని డబ్బు కట్టి కూర్చున్నాను. పక్క కుర్చీలో పదేళ్ళ పిల్లవాడికి మా సైటు చిరునామా చెప్పాను. గుర్రం సగం దూరం వచ్చింది, ఆగింది, మళ్ళీ రెండు అడుగులు వేసింది. పిల్లవాడు మూల ఉన్న గుర్తును నొక్కి కిటికీ మూసేసి క్రికెట్ స్కోరు చూసుకున్నాడు. లోపల నేను రాసిన నలభై కథలు ఉన్నాయని వాడికి తెలియదు. ఆ కంపెనీ ఏడాదికే మూతపడింది, ఫ్లాష్‌ను దాని సొంతదారైన అడోబీ కంపెనీయే 2020 చివర ఆపేసింది. ఆ తలుపు మాత్రం చావలేదు, నీ దగ్గర తేలింది. దానంతట అది మొదలై, పేజీలోని మిగతా వాటితో పాటు 5 సెకన్లకు మించి కదిలేదాన్ని ఆపుకునే వీలు ఉండాలని వెబ్ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ డబ్ల్యూ3సీ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. మన కథల్లోనూ తలుపు తెరిపించే మంత్రం గట్టిగా నాలుగు మాటలే కదా!

వ్యాసంలో, చదివేవాడు సైటులో ఎక్కడ ఉన్నాడో పేజీ తల మీద వరుసగా చూపే బ్రెడ్‌క్రంబ్ గురించి రెండు పేరాలు రాశావు, ఆ పేరు ఎక్కడిదో మాత్రం చెప్పలేదు. గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన జర్మన్ కథలో, అడవిలో వదిలేసిన పిల్లలు మొదటిసారి తెల్ల గులకరాళ్ళు జారవిడుచుకుంటూ వెళ్ళి వెన్నెట్లో వాటిని చూసుకుని ఇల్లు చేరతారు. రెండోసారి రాళ్ళు దొరక్క రొట్టె ముక్కలు జారవిడిస్తే పక్షులు తినేస్తాయి. పని చేసిన రాళ్ళను వదిలేసి, పని చెయ్యని రొట్టె పేరు పెట్టుకున్నారు మీ వృత్తిలోని పెద్దలు! నీ సైటులో ఆ వరుస కంప్యూటరులో ఉంది, ఫోనులో మాయమైంది. పక్షులు తిన్నాయన్నమాట.

మాయకూ వెబ్‌కూ చుట్టరికం కొత్తదని రాశావు, అదీ సరికాదు. ఇంటర్నెట్‌కు మూలమైన ఆర్పానెట్ పనిలో ఉన్న విల్ క్రౌథర్‌కు గుహల్లో తిరిగే అలవాటు. కెంటకీలోని మామత్ గుహ ఆధారంగా 1970ల మధ్యలో ఆయన ఒక కంప్యూటర్ ఆట రాశాడు. 1977లో డాన్ వుడ్స్ దాన్ని పెంచాడు. అందులో ఒక్క బొమ్మ లేదు. ఎక్కడ ఉన్నావో మాటల్లో చెబుతుంది, నువ్వు దిక్కు టైపు చేస్తే నడిపిస్తుంది. దానిలో ఒకచోట ఏ మలుపు తిరిగినా ఒకే వర్ణన వచ్చే చిక్కుదారులు ఉంటాయి. ఆడేవాళ్ళు చేతిలో ఉన్న వస్తువులను ఒక్కొక్క చోట ఒక్కొక్కటి వదిలి, వాటిని గుర్తుగా పెట్టుకుని బయటపడేవాళ్ళు. ఆ ఆటలో అలా ఉండడం కావాలని చేసిన చిలిపితనం. నీ పదకొండు అధ్యాయాల పేజీలూ ఒకే పొగమంచుతో, ఒకే ఖాళీ నెత్తితో ఉన్నాయి. నా చేతిలో వదలడానికి వస్తువులు కూడా లేవు.

అక్షరాల సంగతి త్వరగా ముగిస్తాను. మామూలు సైజు అక్షరాలకూ నేలకూ మధ్య కాంతి తేడా కనీసం 4.5:1 ఉండాలని ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయి. నీది దాని దరిదాపుల్లో లేదని మా మనవరాలు కొలిచి చెప్పింది. రెండోది నాకే కనిపించింది. ఇంగ్లీషుకు సరిపడే పంక్తుల ఎడం తెలుగుకు పెట్టేశావు. మూడో అధ్యాయంలో "రాజ్యలక్ష్మి" అన్నచోట కింది ఒత్తు వెళ్ళి దిగువ పంక్తిలోని "కీ" గుడిదీర్ఘం మీద కూర్చుంది, రెండూ కలిసి ఏ భాషలోనూ లేని అక్షరం పుట్టింది. మా కాలంలో అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటరు పంక్తికీ పంక్తికీ మధ్య సీసపు పట్టీ పెట్టేవాడు. పట్టీలు చాలక ఎడం తగ్గిస్తే ప్రూఫు మీద ఎర్రసిరాతో తిట్టేవాణ్ణి. నువ్వు ఒక అంకె మార్చితే చాలు.

ఏ ప్రచురణకర్తకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా, చదవడానికి డబ్బు అడగవచ్చా అని కూడా అడిగావు. ఇప్పుడు వాటికి జవాబు చెప్పను. కథలో మాంత్రికుడి ప్రాణం మొదట చిలకలో ఉండి తొమ్మిదో అధ్యాయానికి ఉంగరంలోకి ఎలా మారిందని నేను అడిగితే నువ్వూ చెప్పలేవు. సైటులోనూ అదే జబ్బు ఉంది: ఎర్ర అక్షరాలు ఒకచోట లింకు, ఇంకోచోట ఉత్త అలంకారం. రెండుసార్లు వట్టి అక్షరాన్ని నొక్కినవాడు మూడోసారి నిజమైన లింకును కూడా నొక్కడు.

మళ్ళీ పెద్దమ్మ దగ్గరికి. అన్నం పెట్టి, ఎక్కడికి వెళ్ళాలని అంత ఆప్యాయంగా అడిగిన ఆ ముసలమ్మ, కింద ఉన్న ఒకే ఒక్క బటన్ నొక్కితే ఏం చేసిందో తెలుసా? నన్ను తీసుకెళ్ళి మళ్ళీ ఆ కోట గుమ్మం ముందు నిలబెట్టింది. పొగమంచు, గంట, గొలుసులు, 9 సెకన్లు. ఆమె నోటితో అడిగిన ప్రశ్నకు జవాబు రాసుకునే చోటు ఇవ్వు, అంటే వెతుకులాట పెట్టె. దాని కింద పదకొండు అధ్యాయాల పేర్లూ వరుసగా పెట్టు. తలుపు తీసెయ్యి. పుర్రెను పాతిపెట్టు. ప్రతి అధ్యాయం తల మీద జరిగిన కథ ఆరు పంక్తుల్లో రాసి, ఆ పంక్తులు మాత్రం నాకు ముందుగా కాగితం మీద పంపు. ఎర్రసిరా సీసాలో ఇంకా ఉంది.

ఇట్లు,
మీ తాతగారు,
వడపళని, చెన్నై.