పాత సమాధి రాయి చదవాలంటే ముందు సున్నం డబ్బా పక్కన పెట్టండి

గుంటూరులో మీ ముత్తాత సమాధి ఎలా వెతకాలి, అరిగిపోయిన రాతలు ఎలా చదవాలి అని అడిగారు. వెతకడానికైతే మీవాళ్ల సంఘం ఏదో కనుక్కుని ఆ చర్చి రిజిస్టరు చూడండి. లూథరన్ వాళ్లకు ఇక్కడ 1842లో అమెరికా మిషనరీ హయ్యర్ దొర వచ్చిన దగ్గర్నుంచీ మిషన్ ఉంది. చదవడం గురించి మాత్రం నేను చెప్పాల్సింది చాలా ఉంది.

మా నాయనమ్మ వాళ్లమ్మ సమాధిది పల్నాడు నాపరాయి. ఏటా నవంబరు 2న సమాధుల పండక్కి వెళ్లి, గడ్డి పీకి, సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి వస్తాం. సున్నం మీద సున్నం పడి అక్షరాలు పూడిపోయాయి. సంవత్సరం తెలుగు అంకెల్లో ఉంది. అన్నయ్య వేలితో తడిమి ౧౯౦౮ అన్నాడు. నాయనమ్మ బాప్తిస్మం రిజిస్టరులో పుట్టిన సంవత్సరం 1916. తల్లి పోయిన ఎనిమిదేళ్లకు బిడ్డ ఎలా పుడుతుంది? "అయితే మనం ఇన్నాళ్లూ ఎవరి సమాధికో పూలు పెట్టాం" అన్నారు ఇంట్లో. నాకు ఆ వారమంతా నిద్ర లేదు.

సమాధుల తోట చూసుకునే పెద్దాయనకు చెప్పుకున్నాను. "పొద్దున్నే రామ్మా, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చూద్దాం" అన్నాడు. ఏడింటికి వెళ్లేసరికి తన గడ్డం గీసుకునే అద్దం తెచ్చి ఉంచాడు. రాయికి పక్కగా పట్టుకుని ఎండను అక్షరాల మీదకు అడ్డంగా కొట్టించాడు. నున్నగా ఉన్న రాయిలో ఒక్కసారిగా గీతల నీడలు లేచాయి. మూడో అంకె సున్నా కాదు! గాజులా గుండ్రంగా కనిపించినదానికి ఒకచోట చిన్న తెంపు ఉంది, అందులో సున్నం కూరుకుపోయింది. అది ౧. సంవత్సరం ౧౯౧౮, నెల నవంబరు. నేను అక్కడే కూర్చుని ఏడ్చేశాను.

1918 చివర్లో ఇన్‌ఫ్లూయెంజా ఈ దేశంలో కోటిమందికి పైగా పొట్టన పెట్టుకుంది. "అమ్మ పోయేనాటికి నేను చంకలో పిల్లని" అనేది నాయనమ్మ. వాళ్లమ్మ ఆ జ్వరంతోనే పోయింది, ఇందులో నాకు అనుమానమే లేదు.

అందుకే సున్నం అంటే నాకు మంట. గ్రానైట్ టైల్స్ ఇంకా ఘోరం. తల్లిదండ్రుల మీద ప్రేమతోనే వేయిస్తారు, కానీ కింద పాత రాయి శాశ్వతంగా కప్పబడిపోతుంది. కొందరు యాసిడ్ పోసి తోముతారు. నాపరాయి సున్నపురాయే కదా, మురికితోపాటు అక్షరాలూ కరిగిపోతాయి. ఇనుప బ్రష్ కూడా వద్దు. మంచినీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. ఫొటో పొద్దున గానీ సాయంత్రం గానీ తీయండి, నడినెత్తిన ఎండలో ఏమీ కనపడదు.

ఇంకో బాధ కూడా ఉంది. మద్రాసు రాజ్యంలోని సమాధి రాతలను కాటన్ అనే దొర (ఆనకట్ట కట్టిన కాటన్ కాదు, జూలియన్ జేమ్స్ కాటన్) పోగుచేసి 1905లో జాబితాగా అచ్చు వేయించాడు. అందులో ఎక్కువ భాగం దొరలూ దొరసానులే. మన ముత్తవ్వల పేర్లు ఎవరు రాసిపెట్టారు? ఆ రాయి మీద తప్ప ఇంకెక్కడా లేవు.

మా రాయి మీద ఆఖరి వరుస సగం ఇంకా మట్టిలోనే ఉంది. పండగ లోపు అక్టోబరులో వెళ్లి, చేత్తోనే మట్టి తీసి చదువుతాను.