నొప్పి మొహంలో కనిపించకపోవచ్చు

ప్రశ్న: నా భార్యకు ఏడో నెల. ఆటిజం ఉందని రెండేళ్ల కిందటే తెలిసింది. చెకప్‌కి వెళ్తే ఆ లైట్లకీ, గోలకీ, ఒంటి మీద చెయ్యి వేసినప్పుడూ బిగుసుకుపోతుంది, నోట మాట రాదు. డాక్టర్ అడిగినవాటికి నేనే జవాబు చెబుతున్నాను. "ఇలాగైతే రేపు బిడ్డనెలా చూసుకుంటుంది?" అంటోంది మా అమ్మ. నాకూ భయంగానే ఉంది.

జవాబు: భయాన్ని దాచకుండా రాశారు, మంచిదే. కానీ ఆవిడకేం కావాలో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

కడుపుతో ఉన్నప్పుడు వాసనలు ఎక్కువగా తెలుస్తున్నాయని చాలామంది అంటారు. ఆటిజం ఉన్నవాళ్లలో చాలామందికి శబ్దం, వెలుతురు, స్పర్శ కూడా మోయలేనంత అవుతాయి. అది నటన కాదు, మొండితనమూ కాదు. ఆమె బదులు మీరు మాట్లాడటం ప్రేమతోనే, సందేహం లేదు. అయితే బిడ్డ కదలికలు తగ్గాయో లేదో మీరెలా చెబుతారు?

నా దిగులంతా పురిటి గది గురించే. నొప్పి ఎంతున్నా కొందరు ఆటిజం ఉన్న ఆడవాళ్ల మొహంలో అది కనపడదు. అరవరు, ఏడవరు. చూసేవాళ్లేమో "ఇంకా టైముందిలే" అనుకుంటారు. "పదికి ఎంత నొప్పి?" అని అడిగితే ఏ అంకె చెప్పాలో తోచకపోవచ్చు. అందుకే ఇప్పుడే ఒక కాగితం రాయించండి, ఆమె మాటల్లోనే. "నొప్పి ఎక్కువైతే నేను కదలకుండా అయిపోతాను. ముట్టుకునే ముందు చెప్పండి. ఒక్కసారికి ఒక్క ప్రశ్నే అడగండి, ఆగండి." ఇలా ఆమెకు ఏది నిజమో అది. దాన్ని కేస్ షీట్‌తో పాటు పెట్టమనండి. మాట రానప్పుడు చూపించడానికి "ఆపండి", "నొప్పి" అని రెండు కార్డులు చాలు. పురిటి గదిని ముందే ఒకసారి చూపించమని అడగండి. సిజేరియన్ చేయాల్సొస్తే ఏమేం జరుగుతుందో వరసగా ఇప్పుడే చెప్పించండి, అప్పటికప్పుడు తెలిస్తే తట్టుకోవడం మరీ కష్టం. కాన్పు సమయంలో తల్లి కోరుకున్న మనిషి పక్కన ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2018లో సిఫార్సు చేసింది. ఆ మనిషెవరో ఆమెనే చెప్పనివ్వండి. మీరు కాకపోయినా నొచ్చుకోకండి.

పుట్టాక మొదటి వారాల్లో బిడ్డకు రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు పట్టాలి. ఆ స్పర్శ కొందరికి హాయి, కొందరికి నరకం. పంపుతో తీసిన పాలయినా, డబ్బా పాలయినా తప్పు లేదు. ఏడుపు భరించలేనప్పుడు బిడ్డను ఉయ్యాల్లో వెల్లకిలా పడుకోబెట్టి కొన్ని నిమిషాలు పక్క గదిలోకి వెళ్లొచ్చు. అది మీకూ వర్తిస్తుంది. ఎంత విసుగొచ్చినా బిడ్డను మాత్రం కుదపకూడదు. చూడ్డానికి వచ్చేవాళ్లను ఆపే పని పూర్తిగా మీది.

బాలింతల మొదటి దిగులు మామూలుగా రెండు వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి. తనకో బిడ్డకో హాని చేయాలనిపిస్తోందంటే ఆ రోజే తీసుకెళ్లండి. ఆటిజం ఉన్న తల్లుల్లో డిప్రెషన్ ఎక్కువ. ఆమె ఏడవకపోయినా, రోజూ చేసే పనులు మానేస్తే గమనించండి.

ఇక అమ్మగారి ప్రశ్న. "బిడ్డనెలా చూసుకుంటాడు?" అని మీ గురించి ఎవరూ అడగలేదేం?

ఈ జవాబు ఆవిడకు చదవడానికివ్వండి. వెంటనే "ఏమంటావ్?" అని అడక్కండి. వీలైనప్పుడు, రాసిచ్చినా సరేనని చెప్పండి.