క్లౌడ్‌లో సర్వర్ ఆపేస్తే బిల్లు ఆగిపోతుందా?

పూర్తిగా ఆగదు, ప్రాసెసర్, మెమరీల అద్దె ఆగుతుంది గానీ డిస్క్‌కీ, మీ పేర ఉంచుకున్న ఐపీ అడ్రస్‌కీ (ఇంటర్నెట్‌లో సర్వర్ చిరునామా) చార్జీ పడుతూనే ఉంటుంది. క్లౌడ్ అంటే డేటా సెంటర్‌లోని యంత్రాలను అవసరమైనంత సేపే అద్దెకు తీసుకోవడం. మీరు ఆపగానే ఆ ప్రాసెసర్‌ను ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. మీ ఫైళ్లున్న డిస్క్‌ను అలా ఇవ్వలేరు కదా.

ఉదాహరణకు, అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్‌లో 100 జీబీ డిస్క్ ఉన్న ఈసీ2 (అక్కడి అద్దె సర్వర్ల పేరు) సర్వర్‌ను నెలలో 10 రోజులే నడిపారనుకుందాం. డిస్క్ బిల్లు మాత్రం నెలంతటికీ పడుతుంది. అందులో 20 జీబీయే వాడినా 100 జీబీకీ కట్టాల్సిందే. ఎలాస్టిక్ ఐపీ (మీ పేర ఉంచుకున్న, మారని ఐపీ అడ్రస్) ఉంటే గంటకు 0.005 డాలర్లు, అంటే నెలకు సుమారు 3.6 డాలర్లు అదనం.

ఎక్కువమంది పొరబడేది మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన అజూర్‌లో. విండోస్ లోపలి నుంచి షట్‌డౌన్ చేస్తే సరిపోతుందనుకుంటారు. అప్పుడు పోర్టల్‌లో (సర్వర్లను చూసుకునే అజూర్ వెబ్‌సైట్) ‘స్టాప్డ్’ అని కనిపిస్తుంది, కానీ ప్రాసెసర్ ఇంకా మీకే కేటాయించి ఉంటుంది కాబట్టి దాని అద్దె కూడా పడుతుంది. పోర్టల్‌లోనే స్టాప్ నొక్కండి. స్టేటస్ ‘స్టాప్డ్ (డీఅలోకేటెడ్)’, అంటే కేటాయింపు కూడా తీసేసినట్టు, మారేదాకా చూడండి. సర్వర్ ఇక అక్కర్లేదంటే, దాన్ని డిలీట్ చేశాక డిస్క్, ఐపీ మిగిలిపోయాయేమో విడిగా చూసి తీసేయాలి.