కంచె దాటిన వెదురు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

కొత్త ఇంటి ఫొటోలు మీ అత్తయ్యా నేనూ చూశాం. ఇల్లు బాగుంది. పెరటి వెనక పచ్చటి వెదురు గోడను చూసి నువ్వు ముచ్చటపడ్డావని అర్థమైంది. కానీ కంచె అవతల, పక్కవాళ్ల గడ్డిలో నిలబడ్డ నాలుగు గడలు చూశాక నాకు నిద్ర పట్టలేదు. మన అడవుల్లోని సాధన వెదురు పుట్టినచోటే పొదకట్టి పెరుగుతుంది. ఇది అలాంటిది కాదు నాయనా. ఆకుపచ్చ గడ మీద పసుపు గాడి ఉంది కదా, చైనా నుంచి వచ్చిన ఒక ఫిల్లోస్టాకిస్ జాతి వెదురుకు అది గుర్తు. నేల కింద పరుగెత్తే రకం.

పద్దెనిమిదేళ్ల కిందట నేనూ దీన్నే నాటాను. రెండేళ్లు కదలకుండా ఉంది. మూడో వసంతంలో పక్కింటి పెద్దావిడ చేతిలో ఒక పిలక పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. చనిపోయిన భర్త నాటిన గులాబీల మధ్య నుంచి లేచిందట. ఆవిడ కోప్పడలేదు. ఆ ముఖం మాత్రం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

అందుకే ముందు ఈ శనివారం వాళ్ల తలుపు తట్టు. నాటింది పాత యజమానే అయినా ఇప్పుడు బాధ్యత నీది. అమెరికాలోని మీ ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీలో పాకే వెదురును పక్క స్థలంలోకి పోనివ్వకూడదని 2023 జనవరి నుంచి నిబంధన కూడా ఉంది. అది లేకపోయినా వెళ్లమనే చెబుతాను. రెండు పెరళ్లలోనూ ఉన్నది ఒకే వేరు, ఇద్దరూ కలిస్తేనే తెగుతుంది.

తవ్వే ముందు 811కి ఫోన్ చెయ్యి. గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తు పెట్టి వెళతారు. తర్వాత కంచె పక్కన జానెడు మట్టి తీసి చూడు. లేత పసుపు రంగులో, వేలు లావున, దగ్గర దగ్గర కణుపులతో సన్నటి చెరకు గడ పడుకున్నట్టు కనిపిస్తుంది. మొన గట్టిగా, ఈటెలా ఉంటుంది. కణుపు కణుపుకూ ఒక మొగ్గ. మట్టిలో ఒక్క ముక్క మిగిలినా ఆ మొగ్గ మళ్లీ లేస్తుంది. కాబట్టి తవ్వి తీసిన వేళ్లను ఎరువు గుంతలో వేయకు, టార్పాలిన్ మీద పూర్తిగా ఎండబెట్టు.

వెదురు కొంత ఉంచుకోవాలనుకుంటే దాని చుట్టూ అడ్డు వేయాలి. 30 అంగుళాల లోతు కందకం తవ్వి, మందపాటి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు దింపు. పై అంచు రెండంగుళాలు నేలపైకి ఉండాలి, కాస్త బయటికి వాలాలి. అప్పుడు తగిలిన వేరు కిందికి దూరకుండా పైకి తిరుగుతుంది. నేను షీటు రెండు అంచులనూ ఒకదానిపై ఒకటి వేసి వదిలేశాను. వేరు సరిగ్గా ఆ సందులోంచే బయటపడింది. అతుకును స్టీలు పట్టీలతో బోల్టులు వేసి బిగించు. ఏటా రెండుసార్లు అంచు చుట్టూ తిరిగి, పైకెక్కిన వేరును కోసెయ్యి.

పూర్తిగా వదిలించుకోవాలంటే, నా మాట అదే, గడలన్నీ నేలమట్టంగా నరుకు. ఏప్రిల్, మే నెలల్లో పిలకలు ఒకేసారి లేస్తాయి, చూస్తుండగానే ఆకాశానికి పోతాయి. ఆకు విప్పకముందే కోసెయ్యాలి. ఆకు లేకపోతే వేరుకు తిండి ఉండదు. అది దాచుకున్న బలం తగ్గడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఒక్క వసంతం ఏమరినా మళ్లీ పుంజుకుంటుంది. కలుపు మందు కొడదామనుకుంటే పక్కవాళ్లకు చెప్పకుండా కొట్టకు. మందు తగలని లేత పిలకలైతే పొట్టు ఒలిచి, బాగా ఉడికించి, నీళ్లు వంపేసి కూర వండుకోవచ్చు. అరకు వైపు వెదురు కొమ్ముల కూర నువ్వు తినే ఉంటావు.

ఇప్పుడు ఫిబ్రవరి చివర. పిలకలు లేవడానికి ఇంకా ఆరు వారాలుంది. మార్చి రెండో శనివారం నేను పలుగు, రంపం తీసుకుని వస్తాను. పక్కింటివాళ్లను కూడా ఆ రోజు ఖాళీ ఉంచుకోమని అడుగు.

మీ మామయ్య